రెండో నోట్‌బుక్: పీహెచ్‌డీలో చేరుతున్న అమ్మాయికి

పోయిన నెల మా డిగ్రీ కాలేజీలో చదివిన అమ్మాయి ఒకామె స్వీట్ డబ్బా పట్టుకుని ఇంటికొచ్చింది. కెమిస్ట్రీలో పీహెచ్‌డీ సీటొచ్చిందట. వాళ్లింట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషి తనే. "మేడమ్, చేరేముందు ఏమేం కొనుక్కోవాలి?" అని అడిగింది. ల్యాప్‌టాప్ గురించో, ల్యాబ్ కోటు గురించో చెబుతాననుకున్నట్టుంది. గట్టి అట్ట ఉన్న లాంగ్ నోట్‌బుక్కులు రెండు కొనుక్కో అన్నాను. ఒకటి ప్రయోగాలకి. రెండోది అక్కడ తనతో ఎవరేమన్నారో, ఏం జరిగిందో రాసుకోవడానికి. అది ఎందుకో చెప్పేసరికి సాయంత్రమైపోయింది. తను వెళ్లాక, చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉందనిపించి ఇది రాస్తున్నాను. తనతో మాట్లాడినట్టే నువ్వు అని రాస్తాను, ఏమీ అనుకోకు.

మాది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె. అమ్మ పొగాకు గ్రేడింగుకి కూలికి వెళ్లేది. అమ్మకి అక్షరం రాదు. అయినా ఇంట్లో కాగితాలన్నీ ఆమె అధీనంలోనే ఉండేవి. ఒక పాలిథిన్ కవరు, దాన్ని చుట్టి యూరియా సంచి, ఆ సంచి దూలానికి వేలాడుతూ ఉండేది. ఏ కాగితం ఏదో రంగునిబట్టి, ముద్రనిబట్టి చెప్పేది. తుపానొచ్చి కప్పు కారితే ముందు ఆ సంచి దించి పక్క డాబాకి పంపించేది, తర్వాతే బియ్యం సంగతి. నేను ఆరున్నరేళ్లు పీహెచ్‌డీ చేసి బయటపడ్డానంటే గైడు దగ్గర నేర్చుకున్న కెమిస్ట్రీ ఎంతో, అమ్మ దగ్గర నేర్చుకున్న ఈ అలవాటూ అంతే.

చేరకముందు

ముందు నీ పేరు చూసుకో. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో వెనక్కి పోతుంది. తెలుగువాళ్లందరికీ ఉన్న తలనొప్పే ఇది. కానీ ఫెలోషిప్ మీదే బతకాల్సినవాళ్లకి ఒక్క అక్షరం తేడా అంటే మూడు నెలల మెస్ బిల్లు. అన్నీ టెన్త్ మెమోకి సరిపోయేలా సరిచేయించుకో. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోమంటారు. ఇంట్లో ఏం చేసుకుంటావో నీ ఇష్టం, పరిశోధన పేపర్ల మీద మాత్రం మార్చకు. మొదటి పేపర్ పంపేలోపే ఏ పేరుతో రాయాలో తేల్చుకుని, ఆ పేరుతో ఆర్కిడ్ ఐడీ (పరిశోధకుల పేర్లు కలిసిపోకుండా ఒక్కొక్కరికి ఇచ్చే నంబరు) తీసుకో. డబ్బులేం కట్టక్కర్లేదు.

కులం సర్టిఫికెట్ ఒక్కటి ఉంటే చాలనుకోవద్దు. కేంద్ర సంస్థలకి కేంద్రం ఫార్మాట్‌లో ఉన్నది కావాలి. 2025లో ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చాక రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏ గ్రూపో కూడా చూస్తున్నారు. బీసీ అమ్మాయివైతే నీ కులం రాష్ట్ర జాబితాలో ఉన్నంత మాత్రాన కేంద్ర ఓబీసీ జాబితాలో ఉంటుందన్న హామీ లేదు, ముందే చూసుకో. ఏదైనా సరే, ఐదేసి జిరాక్సులు తీసి పెట్టుకో.

ఇంకో సంగతి చాలామంది అమ్మాయిలకి తెలియదు. జేఆర్‌ఎఫ్ (నెట్ పరీక్షలో ఎంపికైన స్కాలర్లకి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వయసు పరిమితిలో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులతో పాటు ఆడవాళ్లందరికీ, కులంతో పని లేకుండా, 5 ఏళ్ల సడలింపు ఉంది. పెళ్లయి బిడ్డని ఎత్తుకున్నాక, వయసు దాటిపోయిందిలే అని అప్లికేషనే పెట్టనివాళ్లని ఎంతమందిని చూశానో!

ఇంటర్వ్యూ

నేను రాతపరీక్షలో రెండో ర్యాంకు. ఇంటర్వ్యూలో నన్ను ఐదు ప్రశ్నలు అడిగారు. మొదటిది, మీ నాన్నగారు ఏం చేస్తారు. రెండోది, మీ ఊరేది, ఊళ్లో ఎటువైపు. మూడోది, పెళ్లెప్పుడు. మిగిలిన రెండూ కెమిస్ట్రీ. లిస్టులో నా పేరు చిట్టచివర వచ్చింది. "ఊళ్లో ఎటువైపు" అంటే ఏం అడుగుతున్నారో నీకు నేను చెప్పక్కర్లేదు.

ఇది నా ఒక్కదాని అనుభవమే అనుకునేదాన్ని. ఢిల్లీలోని జేఎన్‌యూలో అబ్దుల్ నాఫే కమిటీ 2012 నుంచి 2015 వరకు ప్రవేశాల మార్కులు తీసి చూసింది. రాతపరీక్ష మార్కులకీ వైవా (ఇంటర్వ్యూ) మార్కులకీ మధ్య తేడాలో సామాజిక వర్గాలనిబట్టి ఒక తీరు కనిపిస్తోందని, అది వివక్షని సూచిస్తోందని తేలింది. వైవాకి ఉన్న 30 మార్కులని 15కి తగ్గిస్తే వివక్ష తగ్గుతుందని 2016లో చెప్పింది. 2024లో యూనివర్సిటీలకి రూల్సు పెట్టే యూజీసీ మార్చిన పద్ధతిలో జేఆర్‌ఎఫ్ రాకుండా నెట్ స్కోరుతో పీహెచ్‌డీకి వచ్చేవాళ్లకి స్కోరుకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ. అంటే ఆ గదిలో పదిహేను నిమిషాలకి ఇంకా చాలా బరువుంది.

అందుకని అలాంటి ప్రశ్నలకి జవాబు ముందే ఇంట్లో తయారుచేసుకుని వెళ్లు. ఒక్క వాక్యంలో చెప్పి, రెండో వాక్యంలో సబ్జెక్టులోకి లాగాలి. "మా అమ్మ పొగాకు గ్రేడింగ్ చేస్తుంది సార్. ఆ పని చేసొచ్చినవాళ్లు అన్నం కలుపుకుంటే చేదుగా ఉంటుంది, నికోటిన్ చేతికి అంటుకుంటుంది కదా. నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు పొగాకు వ్యర్థం నుంచి నికోటిన్ తీయడం మీదే." ఎంత బాగుంది? నాకు ఈ జవాబు తిరుగు బస్సులో అద్దంకి దాటాక తట్టింది.

పెళ్లి ప్రశ్నకైతే, "కోర్సు పూర్తి చేయడానికి అడ్డం రాదు సార్" చాలు. నవ్వాల్సిన పని లేదు, పోట్లాడాల్సిన పనీ లేదు. బయటికి రాగానే అడిగిన ప్రశ్నలన్నీ వరసగా, వాళ్లన్న మాటల్లోనే రాసిపెట్టు. రెండో నోట్‌బుక్ మొదటి పేజీ అదే. సీటు రాకపోతే సమాచార హక్కు కింద రూ.10 కట్టి నీ మార్కుల విడి వివరాలు అడుగు. 30 రోజుల్లో జవాబివ్వాలి. రాసిన ఆన్సర్ షీటు చూసుకునే హక్కు విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

గైడుని ఎంచుకోవడం

సీనియర్లు "సార్ మంచోడే" అంటారు. ఎవరికి మంచోడో అడుగు. దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లు పెట్టే శోధ్‌గంగ వెబ్‌సైట్లోకి వెళ్లి ఆ గైడు దగ్గర వచ్చిన థీసిస్‌లన్నీ తెరువు. అమ్మాయిలు ఎంతమంది పూర్తి చేశారు, రిజర్వేషన్ సీటులో చేరినవాళ్లు ఎంతమంది బయటికొచ్చారు, ఒక్కొక్కరికి ఎన్నేళ్లు పట్టింది అని లెక్కేసుకో. గంట పని. తర్వాత మధ్యలో మానేసినవాళ్లు ఎవరైనా ఉంటే కనుక్కుని ఫోన్ చెయ్యి. పూర్తి చేసినవాళ్లు చెప్పేదానికంటే మానేసినవాళ్లు చెప్పేదే ఎక్కువ ఉపయోగం.

ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 మించి స్కాలర్లు ఉండకూడదు. "నా దగ్గర ఖాళీ లేదమ్మా" అంటే ఈ లెక్క గుర్తుంచుకో.

సి.వి.రామన్ అంతటివాడు 1933లో కమలా సోహోనీ వస్తే ఆడపిల్ల అని బెంగళూరులోని ఐఐఎస్‌సీలో చేర్చుకోనన్నాడు. ఆమె పట్టుబడితే మొదటి ఏడాది ప్రొబేషన్ అని షరతు పెట్టాడు. ఆమె తర్వాత కేంబ్రిడ్జి వెళ్లి 1939లో బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ తెచ్చుకుంది. గొప్ప సైంటిస్టు అయినంత మాత్రాన మంచి గైడు అవుతాడని లేదు, అంతే నా భావం.

నోట్‌బుక్ రాసే పద్ధతి

ల్యాబ్ నోట్‌బుక్ ఎలా రాయాలో మొదటి వారంలోనే నేర్పిస్తారు. స్పైరల్ కాదు, కుట్టుబైండింగ్ ఉన్నది. పేజీ నంబర్లు ముందే వేసెయ్యాలి. ప్రతి ఎంట్రీకి తేదీ. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టాలి, కింద మాట కనపడాలి, వైట్‌నర్ వాడకూడదు. ఖాళీ పేజీ వదలకూడదు. రెండో నోట్‌బుక్‌కీ అచ్చంగా ఇవే రూల్సు.

తేదీ, టైము, చోటు, ఎవరెవరున్నారు, ఏమన్నారు. విశేషణాలు వద్దు. "అవమానించాడు" అని రాయకు. "కోటాలో వచ్చినవాళ్లకి స్పెక్ట్రా చదవడం రాదులే అన్నారు, పక్కన ఇద్దరున్నారు, మధ్యాహ్నం 12:20" అని రాయి. కోపం వేరే కాగితం మీద రాసుకో, చింపి పారేసుకో. నోట్‌బుక్ ల్యాబ్‌లో పెట్టకు, హాస్టల్ గదిలో ఉండాలి. ఆదివారం ఆదివారం పేజీలు ఫోటో తీసి నీకే మెయిల్ చేసుకో.

మంచివీ రాయి. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక ల్యాబ్ అసిస్టెంట్ అన్న, నా కాలమ్ (మిశ్రమాన్ని విడగొట్టే గొట్టం) రాత్రంతా ఆగిపోకుండా రెండుసార్లు వచ్చి సాల్వెంట్ పోసి వెళ్లాడు. అది కూడా నా నోట్‌బుక్‌లో తేదీతో ఉంది. ఏడుపులే రాస్తే ఏడాదికల్లా ఆ పుస్తకం తెరవబుద్ధి కాదు.

లెక్కపెట్టాక తెలిసింది

మొదటి సెమిస్టర్‌లో గైడు నాతో మాట్లాడినవన్నీ రాశాను. ఊరికే, అలవాటుగా. సెమిస్టర్ చివర కూడితే 11 సార్లు, మొత్తం 70 నిమిషాలు. అందులో సగం మెట్ల మీద, కారిడార్‌లో. నాతో చేరిన అబ్బాయికి ఎంత సమయం దొరికిందో అడిగాను. తను లెక్కే పెట్టలేదు. ఎందుకంటే రోజూ సాయంత్రం గేటు బయట టీ కొట్టు దగ్గర సార్‌తో గంటసేపు ఉంటాడు. రియాక్షన్ ఎందుకు ఫెయిలైందో, ఏ జర్నల్‌కి పంపాలో అక్కడే తేలిపోయేది. ఎవరూ నన్ను రావద్దనలేదు. ఆ టీ కొట్టు దగ్గర ఆడపిల్ల నిలబడితే ఏమంటారో మాత్రం అందరికీ తెలుసు.

నేను సార్‌ని తప్పుపట్టలేదు. తేదీలున్న పేజీ చూపించనూ లేదు. "సార్, వారానికి ఒకరోజు అరగంట ఫిక్స్ చేయండి, రాసుకుని వస్తాను" అని అడిగాను. గురువారం 11 గంటలకి అన్నారు. నెలకి రెండుసార్లైనా దొరికేది. లెక్క తెలియకపోతే, నాకే తెలివి తక్కువేమో, అందుకే ఆయన మాట్లాడట్లేదేమో అనుకుంటూ ఉండిపోయేదాన్ని. మొదటి నాలుగు నెలలూ అలాగే అనుకున్నాను కూడా.

యూజీసీ 2012 సమానత్వ నిబంధనల్లో, ఎస్సీ ఎస్టీ విద్యార్థులకి అధ్యాపకులని కలవడానికి మిగతావాళ్లతో పోలిస్తే వేరుగా సమయం కేటాయించడం కూడా వివక్షే అని రాసి ఉంది. అది చదివిన రోజు నోట్‌బుక్ తీసి ఆ 70 నిమిషాల పేజీ మళ్లీ చూసుకున్నాను. 2026 జనవరిలో యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చింది, సుప్రీంకోర్టు ఆ నెలలోనే వాటిని నిలిపేసి 2012వే కొనసాగించమంది. ఆ 2012 నిబంధనల ప్రకారం నీ యూనివర్సిటీలో ఈక్వల్ ఆపర్చునిటీ సెల్, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలి. చేరిన వారంలోనే ఆ అధికారి ఎవరో, ఏ గదిలో ఉంటారో కనుక్కుని రాసి పెట్టుకో. అవసరం పడ్డాక వెతకడం చాలా కష్టం.

కాంపౌండ్ నిర్మాణం తేల్చే ఎన్ఎంఆర్ మెషిన్ సంగతీ ఇంతే. పగలు ప్రొఫెసర్ల శాంపిళ్లు, రాత్రి స్లాట్లు స్కాలర్లకి. లేడీస్ హాస్టల్ గేటు 9కి మూసేసేవారు. కాబట్టి రాత్రి స్లాట్లన్నీ అబ్బాయిలవే. మేం ఏడుగురు అమ్మాయిలం మూడు నెలల రిజిస్టర్ జిరాక్స్ తీసి, రాత్రి స్లాట్లలో అమ్మాయి పేరు ఒక్కటీ లేదని చూపించి, ఉదయం 6 నుంచి 9 మాకు రాసివ్వమని హెడ్‌కి లెటర్ పెట్టాం. పదిరోజుల్లో ఇచ్చేశారు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ లెటర్ మీద సంతకం పెట్టిన ఆ ఆరుగురే, "కోటా" మాట మీద నేను ఇంకో లెటర్ రాస్తే పెన్ను తీయలేదు. "అది నీ పర్సనల్ కదా" అంది ఒకామె. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. హాస్టల్ గేటు అందరికీ మూసుకుంటుంది, ఇది నాకొక్కదానికే మూసుకుంది. ఏ పనికి ఎవరు తోడొస్తారో వేర్వేరుగా చూసుకోవాలి.

బొకేలు, ట్రేలు

సెమినార్ వస్తే అమ్మాయిలంతా పట్టుచీరలు కట్టుకుని పన్నీరు చల్లాలి, బొకేలు అందించాలి, దీపం దగ్గర అగ్గిపెట్టె పట్టుకోవాలి. అబ్బాయిలు ప్రొజెక్టర్ చూసుకుంటారు, వచ్చిన పెద్ద సైంటిస్టుని కారులో తీసుకొస్తారు. ఆ కారులో అరగంటలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం) మాటలు అయిపోతాయి. నేను రెండేళ్లు ట్రే పట్టుకున్నాను. మూడో ఏడు రోస్టర్ రాసి తీసుకెళ్లాను. "సార్, రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. ఎయిర్‌పోర్టుకి ఈసారి నేను వెళ్తాను." కాగితం మీద ఉన్నదాన్ని కాదనడం వాళ్లకీ కాస్త కష్టమే. గ్లాస్‌వేర్ కడగడానికీ ఇలాగే వారాల లిస్టు గోడకి అంటించు.

పేపర్ మీద పేరు

ప్రతి మీటింగ్ అయ్యాక ఆ రోజే గైడుకి మూడు లైన్ల మెయిల్ పెట్టు. ఇవాళ మీరు చెప్పినవి ఇవి, నేను చేయబోయేవి ఇవి, తప్పుంటే సరిదిద్దండి. ఇంగ్లీషు తప్పులొస్తాయని భయపడకు. నేను తెలుగు మీడియం. మొదట్లో ఒక్కో మెయిల్‌కి గంట పట్టేది. ఒక సీనియర్ దగ్గర మర్యాదగా రాసిన మెయిల్ ఒకటి తీసుకుని ప్రతిసారీ తేదీలూ కాంపౌండ్ల పేర్లూ మార్చేదాన్ని.

నేను చేసిన కాంపౌండ్ ఒకటి పేపర్‌లో వస్తుంటే నా పేరు మూడోది వేశారు. మొదటి పేరు ఆ టీ కొట్టు అబ్బాయిది. నేను ఏడవలేదు అని చెప్పను, ఏడ్చాను. తర్వాతి రోజు ల్యాబ్ నోట్‌బుక్ 41వ పేజీ, ఆ రోజు పెట్టిన మెయిల్, ఎన్ఎంఆర్ రిజిస్టర్‌లో నా సంతకం, మూడూ పట్టుకెళ్లి టేబుల్ మీద పెట్టాను. "ఎవరి పేరు ముందుండాలో మీరే చెప్పండి సార్" అన్నాను. ఆయన కాసేపు చూసి, ఇద్దరి పేర్లూ సమానమని చుక్క గుర్తు పెట్టించారు. పూర్తి న్యాయం కాదు. అయినా ఆ పేపరే నాకు ఉద్యోగం ఇప్పించింది. అసలు పని మొదలుపెట్టకముందే పేర్ల వరస అడిగి రాయించుకుని ఉంటే ఇదంతా ఉండేది కాదు.

డబ్బు ఆగినప్పుడు

నేను స్కాలర్‌గా ఉన్నప్పుడు ఎస్సీలకిచ్చే ఫెలోషిప్ నెలకి రూ.25,000. ఇప్పుడు జేఆర్‌ఎఫ్ రూ.37,000, దాని తర్వాతి మెట్టు ఎస్ఆర్‌ఎఫ్ రూ.42,000. అంకె పెరిగింది గానీ ఆలస్యం తగ్గలేదు. 2016 జనవరి 17న హైదరాబాద్‌లో రోహిత్ వేముల చనిపోయినప్పుడు అతనికి రావాల్సినది ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్బై ఐదు వేలు. ఆ వారం మా హాస్టల్‌లో ఎవరికి ఎన్ని నెలలు బాకీ ఉందో గోడ మీద రాశాం. నాకు ఐదు.

ప్రతి నెలా నీ హాజరు యూనివర్సిటీ నుంచి పైకి వెళ్లిందో లేదో నువ్వే చూసుకోవాలి. ఆగితే నోటితో అడగకు. లెటర్ ఇచ్చి, రెండో కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, ముద్ర వేయించుకో. క్లర్క్ "ఎందుకమ్మా, నేను చూస్తాగా" అంటాడు. నవ్వుతూ నిలబడు, ముద్ర పడేదాకా కదలకు. మొదటి ఫెలోషిప్ డబ్బులో మూడు నెలల మెస్ ఖర్చు పక్కన పెట్టాకే ఇంటికి పంపు. ఈ ముక్క చెప్పడం నాకే కష్టంగా ఉంది, ఎందుకంటే నేను పాటించలేదు.

ఎవరైనా చెయ్యి వేస్తే

ఇది గబగబా చెప్పేస్తాను, కానీ రెండుసార్లు చదువు. లైంగిక వేధింపుల ఫిర్యాదు యూనివర్సిటీ అంతర్గత కమిటీకి ఘటన జరిగిన 3 నెలల్లోపు రాతలో ఇవ్వాలి. వరసగా జరుగుతుంటే చివరిదాని నుంచి 3 నెలలు. సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలల దాకా పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి. ఈలోగా ఆ మనిషి నీ పని మీద రిపోర్టు రాయకుండా, మార్కులు వేయకుండా ఆపమని అడగవచ్చు. యూజీసీ 2015 నిబంధనల్లో ఆ మాట స్పష్టంగా ఉంది. కులం పేరుతో తిడితే దానికి ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం వేరే ఉంది.

సినాప్సిస్ (థీసిస్‌కి ముందు ఇచ్చే సారాంశం) అయ్యాక చెబుదాంలే అని నేను ఒక విషయం దాచుకున్నాను. సినాప్సిస్ అయ్యేసరికి ఏడాది దాటింది. నోట్‌బుక్‌లో తేదీ ఉంది, టైము ఉంది, గది నంబరు ఉంది. ఫిర్యాదు గడువు మాత్రం మిగల్లేదు. తర్వాత చేరిన ఒక అమ్మాయికి అదే మనిషి వల్ల ఇబ్బంది వచ్చినప్పుడు తనతోపాటు కమిటీ ముందుకెళ్లి ఆ పేజీలు చదివాను.

బిడ్డ, పెళ్లి, ఊరు మారడం

నా కూతురు 2016 చివర్లో పుట్టింది. మొత్తం పీహెచ్‌డీలో ఒకసారి 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇవ్వవచ్చని యూజీసీ ఆ ఏడాదే నిబంధన తెచ్చింది. మా ఆఫీసులో ఎవరూ వినలేదు. గెజిట్ ప్రింట్ తీసి పట్టుకెళ్తే "నువ్వు పాత రెగ్యులేషన్‌లో చేరావు" అన్నారు. రెండు నెలలు, నాలుగు లెటర్లు, నాలుగు ఇన్‌వర్డ్ ముద్రలు. చివరికి ఇచ్చారు. 2022 నిబంధనల్లోనూ ఈ సెలవు ఉంది. గడువు అందరికీ 6 ఏళ్లు, రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో 2, ఆడవాళ్లకి దాని మీద మరో 2, మొత్తం 10 దాటకూడదు. పెళ్లివల్ల వేరే ఊరు వెళ్లాల్సొస్తే నీ డేటాతో సహా వేరే యూనివర్సిటీకి మారే వీలు కూడా ఉంది. "పెళ్లైంది కదా, ఇక మానేస్తావా" అని అడిగినవాళ్లకి ఈ క్లాజు చూపించు.

సబ్మిషన్

చివరి ఆరు నెలలు నో డ్యూస్ (బాకీలేం లేవన్న సంతకాలు) కోసం తిరగడమే పని. లైబ్రరీ, హాస్టల్, స్టోర్స్, అకౌంట్స్. స్టోర్స్‌లో పగిలిన కండెన్సర్ ఒకటి నా పేరు మీద రాసి ఉంది. అది పగిలిన రోజు నేను ఊళ్లో ఉన్నాను, నోట్‌బుక్‌లో బస్సు టికెట్ కూడా అంటించి ఉంది. రూ.1,800 మిగిలాయి. నవ్వుతావేమో గానీ, ఆరున్నరేళ్లలో నాకు అన్నిటికంటే సంతోషం వేసిన రోజు అదే.

ప్రొవిజనల్ సర్టిఫికెట్ తీసుకుని రాత్రి బస్సుకి ఊరొచ్చాను. అమ్మ లైటు కింద పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ముద్ర మీద వేలు పెట్టి తడిమింది. కళ్లు తుడుచుకుంటుందేమో అనుకున్నాను.

"జిరాక్సులు తీయించావా?" అంది.

తీయించలేదు. పొద్దున్నే కందుకూరు వెళ్లి తీయించుకొచ్చాను.